నిలబడిన చేను

ఆమె అసలు పేరు పరిశోధన కేంద్రం హాజరుపట్టీలో తప్ప మరెక్కడా వినిపించేది కాదు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆమె మట్టక్క. ఎవరి పొలంలో కాలు పెట్టినా ముందు వంగి గుప్పెడు మట్టి తీసి వాసన చూసేది. ఆ తర్వాతే మనుషుల్ని పలకరించేది. మొదట ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది.

తల్లి పోయినప్పుడు తమ్ముడు ఇంకా పలక పట్టని పసివాడు. తండ్రి తెల్లారకముందే చేలోకి వెళ్లిపోయేవాడు. వండి పెట్టడం, స్నానం చేయించడం, జ్వరమొస్తే ఒళ్లో వేసుకుని కూర్చోవడం అన్నీ ఆమె చేతి మీదుగానే జరిగాయి. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా "వీడు కాస్త ఎదగనీ" అనేది. వాడు ఎదిగాడు, పెళ్లి చేసుకున్నాడు, ఒక పాపకు తండ్రయ్యాడు. ఈమె పెళ్లి మాటను మాత్రం అప్పటికి అందరూ మరిచిపోయారు. ఆమె కూడా గుర్తు చేయలేదు.

పరిశోధన కేంద్రంలో గాజు సామాను కడిగే పనికి చేరింది. ప్రయోగశాలను నడిపే పెద్ద మేడమ్ ఆమె శ్రద్ధ చూసి, చదువుకోమని వెంటపడి, పరీక్షలు రాయించి, చివరికి తన పక్కనే బల్ల వేయించింది. అదొక ఇరుకు గది. ఒకవైపు దూది బిరడాలు పెట్టిన సీసాలు, మరోవైపు వాటిని రోజంతా ఉయ్యాలలా ఊపే యంత్రం. వేళ్లను అంటిపెట్టుకుని బతికే బాక్టీరియాను మట్టిలోంచి వేరు చేసి, పెంచి, విత్తనాలకు పట్టించే పొడిలో కలపడం మట్టక్క పని.

"పురుగుల్ని చంపే మందులమ్మేవాళ్లని చూశాను గానీ, పురుగుల్ని పెంచి పంచేదానివి నువ్వొక్కదానివే అక్కా" అని తమ్ముడు ఆటపట్టించేవాడు.

"పురుగులు కావురా. కంటికి కనపడవు."

"కనపడనివాటికి ఇంత చాకిరీనా! నాకు ఎప్పుడైనా ఇలా చేశావా?"

"నీకు చేసిందంతా తిని అరిగించుకున్నావుగా, ఇక కనపడేదేముంది?"

వానలు మొహం చాటేసిన ఒక ఏడాది వాడు సంచిలో గడ్డి దుబ్బు పట్టుకుని నేరుగా ప్రయోగశాలకు వచ్చాడు. వేళ్లకు మట్టి ఇంకా అంటుకునే ఉంది. "దీనికి సిగ్గూ శరం లేదక్కా. చేనంతా మాడిపోతే గట్టు మీద రాళ్లకుప్ప పక్కన ఇదొక్కటే పచ్చగా నవ్వుతోంది. ఏం తిని బతికిందో కనుక్కో."

మట్టక్క ఆ వేళ్లను కడిగిన నీళ్లలోంచి ఎన్నో రకాల బాక్టీరియాను వేరు చేసింది. వాటిలో ఒకటి గాజు పళ్లేల్లో జిగురుజిగురుగా, తేనె చుక్కలా పెరిగింది. వేరు విడిచే తీపిని తిని బతుకుతుంది. బదులుగా వేరు చుట్టూ జిగురు పూత అల్లి, ఉన్న కాస్త తేమను జారిపోనివ్వదు. ఎండదెబ్బకు బెదిరిన మొక్క తన ఎదుగుదలను తానే ఆపేసుకుంటుంది కదా, ఆ బెదురును కూడా కొంత తగ్గిస్తుంది. వేరు ఇంకాస్త లోతుకు దిగుతుంది. కుండీల్లో పరీక్షించి, మళ్లీ పరీక్షించి, పెద్ద మేడమ్ ఒకనాడు అంది: "ఇక పొలంలో చూద్దాం. ఎవరైనా ఒప్పుకుంటారా?"

ఒప్పుకునేవాడు ఇంట్లోనే ఉన్నాడు. తమ్ముడు చేనును రెండుగా చీల్చాడు. ఒక సగానికి మామూలు మొక్కజొన్న విత్తనం, ఇంకో సగానికి పొడి పట్టించిన విత్తనం. జిగురు నీళ్లలో పొడి కలిపి విత్తనాలకు పట్టిస్తూ మట్టక్క వందసార్లు చెప్పింది. "నీడలోనే ఆరబెట్టాలి. ఎండ తగిలితే చచ్చిపోతాయి." మరదలు నవ్వి, పాత దుప్పటి తెచ్చి పందిరిలా కట్టింది. "నీ బిడ్డలకు ఎండ సోకనివ్వనులే వదినా."

పంట మనిషెత్తుకు వచ్చి కొసన పూతజల్లు విప్పే వేళకు ఎండలు విరుచుకుపడ్డాయి. అలాంటి ఎండలు ముసలివాళ్లు కూడా ఎరగరు. మధ్యాహ్నం బయటికి రావద్దని రేడియోలో పదేపదే చెప్పారు. మామూలు విత్తనం వేసిన సగంలో ఆకులు గొట్టాల్లా చుట్టుకుని, అంచుల నుంచి తెల్లబడి, వారం తిరక్కుండా వాలిపోయాయి. పొడి పట్టించిన సగం మాత్రం మధ్యాహ్నం వాడినా సాయంత్రానికి మళ్లీ ఆకు విప్పేది.

కొలతలకు వచ్చిన మట్టక్కను తమ్ముడు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. మొహం ఎండకు కమిలిపోయినా కళ్లు చిన్నపిల్లాడి కళ్లలా ఉన్నాయి.

"చూశావా? నిలబడ్డాయి! ఇంకాస్త చెయ్యందిస్తే గట్టెక్కేస్తాయక్కా. బావిలో మోటారుకు అందే నీళ్లు లేవు, బిందెలతో తోడి పోస్తాను."

ఆమెకూ సంతోషం ఆగలేదు. ఏళ్ల తరబడి సీసాల్లో చూసింది కళ్లెదుట నిలబడి ఊగుతోంది. "పొయ్యి. మొదళ్ల దగ్గర మాత్రమే పొయ్యి, వృథా చెయ్యకు" అంది. ఎప్పుడు పొయ్యాలో చెప్పలేదు. వాడు పొద్దుటే వెళ్లి వచ్చేస్తాడనుకుంది.

మర్నాడు పొద్దున మొదలుపెట్టినవాడు ఆగలేదు. ఈ వరుస అయిపోనీ, ఈ వరుస అయిపోనీ అనుకుంటూ పొద్దు నడినెత్తికి వచ్చినా పోస్తూనే ఉన్నాడు. అన్నానికి రాలేదేమని మరదలు వెతుక్కుంటూ వెళ్లేసరికి పచ్చటి వరుసల మధ్య బిందె పక్కన బోర్లా పడి ఉన్నాడు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఆసుపత్రిలో తడిగుడ్డలు చుట్టారు, ఐసు పెట్టారు, సూదులు గుచ్చారు. మట్టక్క పరుగెత్తుకొచ్చి "ఒరేయ్, అక్కనురా" అంది. వాడు కళ్లు తెరవలేదు. ఆ సాయంత్రమే పోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ ప్రాంతమంతా ఒక వాన పడింది. నిలబడిన సగం కంకి వేసింది. ఎవరో ఒకరు కోయాలి కాబట్టి మరదలే కోసింది. కొలతలు తీసుకోవడానికి మట్టక్క వెళ్లింది. "వేరే ఎవరినైనా పంపిస్తాను, నువ్వు వద్దు" అని పెద్ద మేడమ్ బతిమాలినా వినలేదు. వాడి చేనులో పరాయివాళ్లు మొక్కలు పీకడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

మొక్కను పెకలించి వేళ్లు దులిపింది. మట్టి రాలలేదు. వేళ్ల చుట్టూ తొడుగులా పట్టుకుని ఉంది. ఆమె కోరుకున్నది సరిగ్గా అదే. కత్తెర పక్కన పెట్టేసింది.

మరదలు కొడవలి పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

"అటు సగంలా ఇదీ మాడిపోయుంటే బాగుండేది వదినా" అంది. "ఉసూరుమంటూ ఇంట్లో పడుకునేవాడు. నన్ను విసుక్కుంటూ అయినా బతికుండేవాడు."

మట్టక్క ఇంకో మొక్క పీకింది.

"విత్తనాలను నీడన పెట్టమని అన్నిసార్లు చెప్పావు. మనిషికి ఒక్కసారి చెప్పలేకపోయావా?"

ఆ మాటలో కోపం కూడా లేదు. అలిసిపోయిన గొంతు. మట్టక్క పీకిన మొక్కలను సంచిలో సర్దుకుని, గట్టు దాటి, బస్సు కోసం నిలబడి అప్పుడు ఏడ్చింది.

ఫలితాలు బాగున్నాయని కేంద్రంలో అందరూ అన్నారు. ఆ పని గురించి మాట్లాడమని ఆమెను సభకు పిలిచారు. వెళ్లలేదు. పని మానేస్తుందేమోనని పెద్ద మేడమ్ భయపడింది. ఆమె మానలేదు. ఆ గది వదిలితే ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియదు. రైతుల దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం మాట మారింది. "ఇది నీళ్లు తయారు చేయదు. నాలుగు రోజులు ఓర్పునిస్తుంది, అంతే. ఆ నాలుగు రోజులూ మీరు ఎండలో నిలబడితే నేను ఈ పొడి ఇవ్వను" అనేది. కొందరు నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు.

మళ్లీ విత్తనాల కాలం వచ్చాక ఒక మధ్యాహ్నం మరదలు ప్రయోగశాల గుమ్మంలో కనిపించింది. అంతవరకూ ఇద్దరి మధ్యా మాటల్లేవు. సన్నబడింది, జుట్టు ముందువైపు నెరిసింది.

"పొడి కావాలి" అంది, సీసాల వైపు చూస్తూ.

"నువ్వా? చేను కౌలుకిచ్చేస్తావనుకున్నాను."

"పాపను చదివించాలిగా. వేరే పని నాకేం వచ్చు?" మట్టక్క వైపు తిరిగి అంది, "ఆయన పోసిన నీళ్లు అందిన మొక్కలే ముందు కంకి వేశాయి వదినా. కోసేటప్పుడు చూశాను. నీకు చెప్పాలనిపించలేదు అప్పుడు."

మట్టక్క లేచి కుర్చీ జరిపింది. మరదలు కూర్చుంది. ఇద్దరూ ఒకే బల్ల మీద పొడి సంచుల్లో నింపారు. వెళ్లేటప్పుడు, మిట్టమధ్యాహ్నం చేలో ఉండనని మట్టక్క ఆమె దగ్గర మాట తీసుకుంది.

అప్పటి నుంచి ఎండలు ముదిరిన ప్రతి మధ్యాహ్నం ఆమె చేతులు కడుక్కుని, నడవలోకి వచ్చి ఫోన్ చేస్తుంది.

"ఎక్కడున్నావు?"

"ఇంట్లోనే ఉన్నాను వదినా."

"పాప?"

"పక్కనే పడుకుంది."

"సరే" అంటుంది మట్టక్క. వెంటనే పెట్టేయదు. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడేదాకా చెవి దగ్గరే పట్టుకుని నిలబడుతుంది.