పగటి డ్యూటీ సూర్యుడిది

మా ఎదురింటి లైన్‌మేన్ మావయ్యగారు నవంబరు ఆఖరి వారంలో ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. పొద్దున్నే కాఫీ ఇద్దామని ఆయన భార్య, అత్తయ్యగారు, లేపితే లేవలేదట. బందరులో మా వీధి వాళ్లందరం ఆ వాకిట్లోకి చేరేసరికి బాగా ఎండెక్కింది. వరండా లైటు మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది. తెల్లారగానే దాన్ని ఆపే మనిషి ఆయనే. అది చూశాకే, ఆయన లేరని నా మనసుకి తెలిసింది.

ఆయన నాకు చుట్టం కాదు. కరెంటు పని నుంచి రిటైరయ్యాక కూడా ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు పైకప్పు చూసేవారు, తర్వాతే మనుషుల్ని. జేబులో ఒక పాత గుడ్డ ఉండేది. స్టూలెక్కి ట్యూబులైటు తుడుస్తూ, "దుమ్ము సగం వెలుగు తినేసిద్ది అమ్మాయ్, బిల్లు మాత్రం మొత్తం నువ్వే కడతావు" అనేవారు.

నాలుగేళ్ల కిందట మా వారికి పక్షవాతం వచ్చింది. ఇల్లు నా కుట్టుమిషను మీదే నడవాల్సి వచ్చింది. ఆ డిసెంబరులో మా అత్తగారు వాకిట్లో క్రిస్మస్ నక్షత్రం కట్టించి, కొడుకు లేచి నడిచేదాకా రాత్రీ పగలూ ఆరనివ్వనని దేవుడికి మాట ఇచ్చారు. లోపల వంద క్యాండిల్ పాత బల్బు. కొత్త సంవత్సరం వెళ్లింది, జనవరి వెళ్లింది. వీధిలో నక్షత్రాలన్నీ దిగాయి, మాది దిగలేదు. వేడికి కాగితం మాడి చిల్లుపడితే నేను అతికించేదాన్ని. బిల్లు మోయలేనంత వచ్చేది. కానీ ఒక తల్లి ప్రార్థనను ఆపమని ఏ నోటితో అడగను? నేనే సాయంత్రాలు కుట్టడం మానేస్తే ఆ లైట్ల ఖర్చైనా కలిసొస్తుందనుకున్నాను. మానేస్తే ఇల్లెలా గడుస్తుందో తెలియదు.

ఆ మాట ఎదురింటి అత్తయ్యగారితో అన్నాను. మర్నాడే మావయ్యగారు వచ్చారు.

"ఏంటక్కా, ఈస్టరు దగ్గరికొచ్చింది, నీకింకా క్రిస్మస్ అవలేదా?" అన్నారు మా అత్తగారితో.

"ఊళ్లో వాళ్ల ఫ్యూజులు పీకింది చాలక, ఇప్పుడు నక్షత్రం ఫ్యూజు కూడా పీకుతావా?" అని ఆవిడ కసురుకున్నారు.

ఆయన నవ్వి, నా మిషను దగ్గరికి వచ్చారు. పైన రెండు ట్యూబులైట్లు వెలుగుతున్నా నా నీడే సూది మీద పడుతోంది. "గోడలకి వెలుగిచ్చి సూదిని చీకట్లో పెట్టావు గదమ్మాయ్" అన్నారు. ఒక చిన్న ఎల్ఈడీ బల్బును వైరుతో కిందికి దింపి, మిషనుకి ఎడమ పక్కగా కట్టారు. ట్యూబులు రెండూ ఆపేశారు. నల్ల జాకెట్టు గుడ్డ మీద నల్ల దారం కూడా కనపడింది.

తర్వాత నక్షత్రంలోనూ అలాంటిదే పెట్టారు.

"ఇంత బుడ్డి బల్బు దేవుడికి కనపడుద్దా?" అన్నారు మా అత్తగారు.

"దేవుడు మీటరు రీడింగు చూడడక్కా, వెలుగు చూస్తాడు. ఇంకోటి చెప్పనా? పగటి డ్యూటీ సూర్యుడిది. నైటు డ్యూటీ నీ నక్షత్రానిది. ఆయన డ్యూటీ ఎక్కగానే దీన్ని డ్యూటీ దించితే మాట తప్పినట్టవదు. ముప్పై ఏళ్లు షిఫ్టులు చేసినోణ్ణి, నాకు తెలుసు."

ఆవిడ నక్షత్రాన్నీ ఆకాశాన్నీ మార్చి మార్చి చూశారు. చివరికి, "అయితే స్విచ్చి నేనే వేస్తా, నేనే కట్టేస్తా. నువ్వు ముట్టుకోమాక" అన్నారు.

ఆ నెల నుంచి బిల్లు దిగింది. నేను సాయంత్రాలు కుట్టడం మానలేదు. ఆ వేసవిలో మా వారు కర్ర పట్టుకుని నక్షత్రం కిందిదాకా నడిచొచ్చిన రోజున అత్తగారు దాన్ని దింపించారు. కొత్త బల్బు పెట్టాక కాగితం ఒక్కచోట కూడా మాడలేదు. ఈ రోజుకీ నేను ఆయన మిషను పక్కన కట్టిన బల్బు కిందే కుడుతున్నాను. అప్పుడప్పుడు పాత గుడ్డతో తుడుస్తుంటాను.

మనిషి పోయిన ఇంట్లో ఆ ఏడు నక్షత్రం కట్టకపోవడం మా వాళ్ల ఆనవాయితీ. కానీ ఈ డిసెంబరు మొదటి తేదీ సాయంత్రం అత్తయ్యగారు మా గుమ్మంలోకి వచ్చారు. "మీ నక్షత్రం ఇస్తావా అమ్మాయ్? ఆయన వాకిలి చీకటిగా ఉంటే చూడలేకపోతున్నా" అన్నారు. మా వారు కర్రను గోడకి ఆనించి, తన చేతులతోనే అక్కడ కట్టారు.

మర్నాడు ప్రార్థన ముగించుకుని బయటికి వచ్చేసరికి తూర్పున ఎర్రబడుతోంది. ఎదురు వరండాలో అత్తయ్యగారు తలమీద కొంగు కప్పుకుని, ఒక చేయి స్విచ్చి మీద ఉంచి, సూర్యుడి కోసం చూస్తూ నిలబడి ఉన్నారు.