మామీ లుమ్ ఇంట్లో సోమవారం చావు

కామెరూన్‌లో ఇంగ్లీషు మాట్లాడే బమెండా ఊళ్లో మామీ లుమ్‌కి పోయినంతమంది చుట్టాలు ఇంకెవరికీ పోలేదు. ప్రతి సోమవారం ఒకరు పోతారు. మరేం చేస్తుంది? విడిదేశం కావాలని తుపాకులు పట్టి అడవికెక్కిన కుర్రాళ్లు సోమవారం బందు పెట్టారు. కొట్టు తెరిస్తే వాళ్లు తగలబెడతారు, మూస్తే ఫ్రెంచి మాట్లాడే సర్కారు సిపాయిలు సీలేస్తారు. చావింటి జోలికి మాత్రం ఇద్దరూ రారు. అందుకే ఆవిడ పొద్దున్నే నల్లగుడ్డ కప్పుకుని, తన భారీ శరీరాన్ని పీట మీద సర్దుకుని, ముక్కు చీదుతూ నూనెలో బోండాలు వదులుతుంది. వీధంతా పరామర్శకొచ్చి, బోండాలూ చిక్కుడుగింజలూ తిని, డబ్బులు చదివింపుల గిన్నెలో వేసి పోతుంది. "పోయినవారం కూడా మీ పెదనాన్నే పోయాడు కదా మామీ?" అంటాడు పొరుగింటి పా తంగి, నోటినిండా కుక్కుకుని. "మా తాతకి ఎనిమిదిమంది పెళ్లాలయ్యా! నీకు బోండాలు కావాలా, మా వంశవృక్షం కావాలా?"

మొన్న శనివారం సిపాయిలు ఆవిడ కొడుకు నేబాని లారీ ఎక్కించుకుపోయారు. ఎక్కడ పెట్టారో చెప్పలేదు. సోమవారం జనం అలవాటుగా ఏడుపు మొహాలు పెట్టుకొచ్చేసరికి, మామీ లుమ్ కొట్టు బార్లా తెరిచి, ఎర్రపూల గౌనులో కూర్చునుంది. "కొట్టు తగలబెడతారు మామీ, కప్పుకో!" అని పా తంగి నల్లగుడ్డ అందిస్తే విసిరికొట్టింది. అంతలో గస్తీ సిపాయి ఒకడు గుమ్మం ముందు ఆగి, "ఇవాళ ఎవరు పోయారు మామీ?" అన్నాడు నవ్వుతూ. ఆవిడ బోండాని నెమ్మదిగా తిరగేసింది.

"ఎవరూ పోలేదు. మా ఇంట్లో అందరూ బతికే ఉన్నారు. మా నేబాతో సహా."