తండా బోరులో తెల్లటి నలకలు

ఉదయం ఆరున్నరకు జనగామలో ప్యాసింజర్ ఎక్కాను. తెలంగాణ కోసం చేసిన రైల్‌రోకో ముగిసి రెండు రోజులే అయింది, కూర్చోవడానికి చోటు దొరకడమే గొప్ప. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి నాకు తెలిసిన మంగ్లి కబురు పంపింది. బోరు నీళ్లలో తెల్లటి నలకలు వస్తున్నాయట, సైన్సు పాఠాలు చెప్పే సారుని కదా, నేనే వచ్చి చూడాలట. ఆమె కూతురు తొలి కాన్పుకు పుట్టింటికొచ్చింది. ఆ నీళ్లు కడుపుతో ఉన్న పిల్లకు తాగించొచ్చా అన్నదే ఆమె బెంగ.

పదింటికి దిగి ఆటోలో తండా చేరాను. మంగ్లి జొన్నరొట్టె, మిరపకారం పెట్టి, తిన్నాకే బోరు దగ్గరికి తీసుకెళ్లింది. పది అడుగుల అవతల పాత బావి. తొంగిచూస్తే నిండా నీళ్ల ప్యాకెట్ల తొక్కలు, సగం కాలి ముద్దలైనవి. పోయిన ఎండాకాలం తండా పక్కనే మా తెలంగాణ దీక్షా శిబిరం నడిచింది. ఆ ప్యాకెట్లు పంచింది నేనే. తాగి పారేసినవి ఎక్కడికి పోయాయో మాలో ఒక్కడూ అడగలేదు.

"బర్లు తింటే సచ్చిపోతయని అన్నీ ఏరి బాయిల ఏసినం సారూ. కొన్ని కాలవెట్టినం. ఎండిన బాయే గదా అనుకున్నం," అంది మంగ్లి.

తర్వాత వానలు పడ్డాయి, బావిలో నీరూరింది, అదే పక్కనున్న బోరులోకి దిగినట్టుంది. తండాకంతా తాగేందుకు ఆ ఒక్క బోరే దిక్కు.

భూపాలపల్లిలో ఉన్న మిత్రుడికి చూపిద్దామని గాజు సీసాలో నీళ్లు పట్టుకుని మధ్యాహ్నం నర్సంపేట బస్సెక్కాను. అక్కడ బస్సు మారితే పక్కన ఒక పెద్దాయన, గోదావరి స్నానానికి కాళేశ్వరం పోతున్నాడు. సీసా చూసి నవ్వాడు. "గోదారి ఇంకా రానే లేదు బిడ్డా, గప్పుడే నింపుకున్నవేంది?" నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం ఐదింటికి భూపాలపల్లి. అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పే ఆ మిత్రుడు చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. చిరిగిన ప్లాస్టిక్ తునకలు, ఒకదాని మీద ఆ ప్యాకెట్ల నీలిరంగు అచ్చు కూడా. ఒంటికి ఏం చేస్తాయని అడిగాను. ఎవరూ తేల్చలేదన్నాడు. ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను.

మర్నాడు ఏడున్నరకు హనుమకొండ బస్సులో కూర్చుని మంగ్లికి ఫోన్ చేశాను. ప్లాస్టిక్కే అని, దాంతో ఏమవుతుందో తెలియదని చెప్పాను.

"తెల్వదంటే తాగుమన్నట్టా, వద్దన్నట్టా సారూ?"

వద్దన్నాను.

"అయితే ఇయ్యాలనే పిల్లను అత్తగారింటికి తోలిస్త. ఆడ నల్లా ఉన్నది."

నన్ను ఒక్క మాటా అనలేదు. తొలి కాన్పు తన చేతుల మీదుగా చేయాలని నెలల తరబడి ఎదురుచూసిన తల్లి. ఆమె తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. హనుమకొండలో దిగి జనగామ బస్సెక్కాను. మా నీళ్లు మాకు కావాలని ఆ శిబిరంలో గొంతు పోయేలా అరిచింది మేమే. మంగ్లికి ఉన్న నీళ్లను కూడా లేకుండా చేసిందీ మేమే.