చివరి మనిషి అడుగు చూసి వాయించినవాడు

సంత రోజు పొద్దున్న దుకాణం షట్టరు ఎత్తుతుండగా జీపు డ్రైవరు తల బయటపెట్టి, "సావుకారీ, మీ తుడుము సుక్రు నిన్న సాయంత్రం పోనాడు" అని చెప్పి వెళ్లిపోయాడు. నేను షట్టరును సగంలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పొలంలో రాజ్మా కోసి వచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి, అవి తెచ్చేలోపే ఒరిగిపోయాడట. అరవై దాటిన మనిషి. అయినా ఆ వార్తను నా మనసు అంగీకరించలేదు. మా ఇద్దరి మధ్య ఒక వివాదం అసంపూర్ణంగా ఉంది. దాన్ని ఆ సంత రోజున తేల్చుకుందామని వారం కిందట వాయిదా వేసినవాణ్ని నేనే.

ఆ వివాదం ఏమిటో చెబితే నవ్వుతారు. ప్రపంచంలోకెల్లా గొప్ప రాక్ డ్రమ్మరు ఎవరు? ముంచింగిపుట్టు సంతలో, పిప్పళ్ల బస్తాల పక్కన, ఏళ్ల తరబడి మేం వాదించుకున్నది దీని గురించే. నేను పల్లపు ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ మైకుల దుకాణం పెట్టుకున్నవాణ్ని. వయసులో ఉండగా పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించాను. సుక్రు కొండమీది ఊళ్లో రైతు. థింసా నృత్యానికి తుడుము అనే తోలు వాద్యం వాయించడంలో ఈ చుట్టుపక్కల ఆయనకు సాటి లేరు. స్పీకర్లు పరీక్షించడానికి నేను ఫోనులో విదేశీ డ్రమ్మర్ల వీడియోలు పెట్టేవాణ్ని. ఆయన కాఫీ గింజలు అమ్ముకుని వచ్చి, స్టూలు మీద కూర్చుని, తీర్పు చెప్పవలసిన పెద్దమనిషిలా వినేవాడు.

పేర్లతో ఆయనకు నిమిత్తం లేదు. గుబురు గడ్డం ఉన్న నా ఆరాధ్యుడు ఆయన లెక్కలో 'గెడ్డపోడు'. ఆ మహానుభావుడు పావుగంట సేపు ఒక్కడే వీరవిహారం చేస్తుంటే తోటి వాద్యకారులు వేదిక ఖాళీ చేసి పక్కకు తప్పుకుంటారు. సుక్రు మెచ్చినవాడు 'కోటోడు'. సన్నగా, కోటు తొడుక్కుని, సెలవు దొరకని గుమాస్తాలా కూర్చుని, పాట మొదలైనప్పటి నుంచి ఒకటే దరువు వేస్తాడు.

"ఏముంది అన్నా వాడిలో?" అంటే, సుక్రు ఓపిగ్గా చెప్పేవాడు. "మీ గెడ్డపోడు కొడతంటే పాటగాళ్లేరి సెప్పు? బీడీలు కాల్సుకోడానికి ఎల్లిపోనారు. కోటోణ్ని సూడు, పాడీవోడి మీదే ఉంది కన్ను. ఆడు సేరీదాకా ఈడు ఆగుతాడు."

ఈ సూత్రం ఆయనకు థింసాలో అబ్బింది. ఆడవాళ్లు ఒకరి నడుం వెనకగా ఒకరు చేతులు కలిపి గొలుసుకట్టి ఆడతారు. చాలామంది వాద్యకారులు గొలుసు మొదట్లో చురుగ్గా అడుగేసే పడుచును చూసి వాయిస్తారు. సుక్రు తుడుమును మంట దగ్గర కాచుకుని, మెడకు తగిలించుకుని, తిన్నగా గొలుసు చివరకు వెళ్లి నిలబడేవాడు. అక్కడ వయసు మళ్లినవాళ్లు ఉంటారు. వాళ్ల పాదం రవ్వంత ఆలస్యమైతే తుడుమూ రవ్వంత ఆలస్యమయ్యేది. చూసేవాళ్లకు మాత్రం గొలుసంతా ఒకే మనిషిలా కదిలినట్టుండేది. "ముందున్న పడుచు గుంటకి తుడుము అక్కర్నేదు సావుకారీ. అదెలాగూ ఎగురుతాది" అనేవాడు.

ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. పార్వతీపురంలో ఒక ఉత్సవానికి ఆయన బృందాన్ని పిలిస్తే, తుడుముతో పాటు నా డ్రమ్స్ కూడా కలిపితే కొత్తగా ఉంటుందని సలహా ఇచ్చింది నేనే. జనం ఈలలు వేశారు. ఈల వింటే నాకు ఒళ్లు తెలియదు. వేగం పెంచాను. వెనక నుంచి తుడుము నన్ను ఆగమంటోంది. నాకు వినిపిస్తూనే ఉంది. గొలుసు తెగింది. చివర ఆడుతున్న బుద్రమ్మ, సుక్రు భార్య, వేదిక మెట్ల మీద పడిపోయింది. సుక్రు తుడుము వదిలేసి పరిగెత్తాడు. అప్పటికీ నేను వాయిస్తూనే ఉన్నాను. ఆమె మోకాలు మళ్లీ సరికాలేదు. ఆ తరువాత ఆమె థింసా ఆడలేదు.

సుక్రు నన్ను పల్లెత్తు మాట అనలేదు. మళ్లీ సంతకు వచ్చి, స్టూలు లాక్కుని, "ఏదీ, కోటోణ్ని ఎట్టు" అన్నాడు. నాకు మాత్రం అప్పటి నుంచి ఆ వాదన వట్టి వాదనగా మిగల్లేదు. కోటోడు గొప్పవాడని ఒప్పుకుంటే, ఆ రోజు బుద్రమ్మను పడేసింది నేనేనని ఒప్పుకున్నట్టే. అందుకని మరింత మొండికేశాను. గెడ్డపోడి కాళ్ల వేగం గురించి ఉపన్యాసాలు దంచాను. ఆయన తల ఊపుతూ వినేవాడు.

ఆఖరి సంత రోజు లేచి వెళ్లబోతూ, "ఈపాలికైనా ఒప్పీసుకో సావుకారీ. నానేటి ఊరంతా సెప్పుకుంతానా?" అన్నాడు. "వచ్చే సంతకి చూద్దాంలే అన్నా" అన్నాను. నవ్వి, టార్చిలైటుకు బ్యాటరీలు తీసుకుని వెళ్లాడు.

వార్త విన్న రోజున షట్టరు దించేసి వాళ్ల ఊరు వెళ్లాను. వాద్యకారులు పాడె ముందు సిద్ధంగా ఉన్నారు. బుద్రమ్మ కర్ర ఊతంగా వచ్చి సుక్రు తుడుము నా చేతిలో పెట్టింది.

"నువ్వు కొట్టు బాబూ."

"నాకిది రాదు వదినా."

"నా పక్కన నడు. వత్తాది."

అందరూ పాడెతో గట్టు ఎక్కి శ్మశానం వైపు ముందుకు వెళ్లిపోయారు. ఆమె అందరికన్నా వెనక. ఆమె పక్కన నేను. అడుగుకు ఒక దెబ్బ. అలవాటు కొద్దీ చేయి తొందరపడింది. "బేగి ఏటికి బాబూ? మీ అన్న ఎక్కడికీ పోడు" అంది. నేను ఆమె పాదం మీదే కన్నుంచి, అది నేలకు ఆనేదాకా ఆగి వాయించాను. మేం చేరేసరికి పాడె దించి, అందరూ మాకోసం ఎదురుచూస్తున్నారు.

తిరిగి వచ్చాక ఆమె అడిగింది: "ఎవులు గొప్పోడో తేల్సీసేరా మీరిద్దరూ?"

"అన్నే గెలిచాడు వదినా. ఆ రోజు తప్పు కూడా నాదే."

ఆమె కర్ర పక్కన పెట్టి అరుగు మీద కూర్చుంది. "ఆ మాట మీ అన్నుండగా అనాల్సింది బాబూ. ఎంత సంబరపడీవోడో."

ఈ కొండల్లో తుడుము వాయించేవాళ్లు ఇంకా ఉన్నారు, రేపూ ఉంటారు. చివరి మనిషి పాదం కోసం ఆగే ఆ చెయ్యి మాత్రం మళ్లీ రాదు. నా దుకాణంలో స్టూలు ఖాళీగా ఉంది. వాయిదా వేసిన సంత వచ్చి వెళ్లిపోయింది. చదివేవాళ్లందరి ముందూ ఒప్పుకుంటున్నాను అన్నా, కోటోడే గొప్పవాడు.