అమెరికా కారులో అప్పగింతలు

ఆ రోజుల్లో బెల్లంపల్లిలో పెళ్లికూతురు జీపెక్కి అత్తగారింటికి పోతే అదే గొప్ప. మా బాపుకు మాత్రం జీపు ఆనలేదు. ఆయన బొగ్గుబావిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు నూకే మనిషి. వయసులో ఉండగా గని దొరల అమెరికా కారు వస్తుంటే రోడ్డు దిగి దండం పెట్టేవాడట. ఆ కారే చేతులు మారి మారి చివరికి మేం ‘కాక’ అని పిలిచే మా వాడకట్టు మెకానిక్ షెడ్డు చేరింది. “గా కార్లనే నా బిడ్డ పోవాలె” అని బాపు పట్టుబట్టాడు. దానిలో ఎనిమిది సిలిండర్లు ఒకే వరుసలో ఉంటాయని, అలాంటి ఇంజన్ ఇప్పుడెవరూ చేయడం లేదని కాక గొప్పలు పోయేవాడు. “అన్నీ పనిజేస్తున్నయా అన్నా?” అని నన్ను కన్న అవ్వ అడిగితే, “పరేషాన్ గాకు చెల్లె! ఎనిమిదిట్ల నాలుగు సచ్చినా ఇంకో కారుకున్నంత ఇంజన్ మిగుల్తది” అన్నాడు.

అప్పగింతల వేళ బాపు మెడ పట్టుకుని వాడకట్టంతా వినేలా ఏడ్చాను. ఏ చుట్టరికమూ లేని పాలాయన కూడా ఏడ్చాడు. కారెక్కాం. కాక తాళం తిప్పాడు. ఇంజన్ ఒకసారి దగ్గి ఊరుకుంది. మళ్లీ తిప్పినా ఊహూ! అంత ఏడ్చి సాగనంపిన వాళ్లంతా ఏం చేయాలో తోచక కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డారు. (నిజం చెప్పొద్దూ, నాకు ఆకలేసి కిటికీలోంచి లడ్డు తెప్పించుకున్నాను.) వెనక మగపెళ్లివారి జీపులోంచి మా అత్తగారు, “వర్జ్యం వస్తున్నది, పిల్లను జీపెక్కుమనుండ్రి” అంది. బాపు ముఖం చిన్నబోయింది. నేనా ముఖం చూడలేకపోయాను. “నేను దిగ!” అన్నాను, లడ్డు నోట్లో ఉండగానే.

బాపు కండువా నడుముకు చుట్టి, “నూకుండ్రి!” అన్నాడు. బావి దోస్తులంతా చేతులు వేశారు. “ఒక్కపారి అందుకున్నదంటే నేను ఆప, ఆపితే మల్ల లేవది!” అని కాక ముందే చెప్పాడు. నాలుగడుగులు కదిలిందో లేదో, ఇంజన్ ఢామ్మని అందుకుంది. వెనక అద్దంలోంచి చూస్తే పొగలోంచి బాపు పరుగెత్తుకొస్తున్నాడు. ముఖమంతా మసి, ఒకటే నవ్వు, “ఆపకు! ఆపకు!” అని కేక. అసలు ఏడుపు నాకు అప్పుడొచ్చింది. “పొగకా?” అన్నారు మావారు. ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అది. “పొగకే” అన్నాను.

ఇప్పుడు శ్రీరాంపూర్‌లో మా కారు మీట నొక్కితే చాలు, చప్పుడైనా లేకుండా లేస్తుంది. బాపు పోయి చాలా ఏళ్లయింది. అయినా కారు కదలగానే నా మెడ దానంతటదే వెనక్కి తిరుగుతుంది.

“ఏం చూస్తున్నవ్?” అంటారు మావారు.

“ఎవలన్న నూకుతున్నరేమోనని” అంటాను.