ఒక్క విదిలింపుకు ఊడే బూట్లు

చిటపట నోరు తెరిస్తే పక్కనున్నవాళ్లు ఒక అడుగు వెనక్కి వేస్తారు. చెయ్యి చేసుకునే మనిషి కాదు. బూతులూ పెద్దగా రావు. కానీ ఏ మాటన్నా కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టే ఉంటుంది. అందుకే ఆ పేరు స్థిరపడింది. అసలు పేరు భార్యకు గుర్తుంది. బోటు మీద ఎవరికీ దానితో అవసరం పడలేదు.

చేపల బోటులో అతని పని వల లాగే వించి దగ్గర. వల పైకి వచ్చేంతసేపూ ఆ యంత్రం పక్కనే నిలబడి, తాడు వరసగా చుట్టుకుంటోందా లేదా అని కనిపెట్టి ఉండాలి. కూర్చుందామంటే కుదరదు. కాళ్ల కింద ఐసు నీళ్లు, చేపల జిగురు, డీజిలు. మీసం మొలవక ముందు నుంచీ అతను ఆ తడిలోనే నిలబడుతున్నాడు. వేసుకునే గమ్‌బూట్లు ఎప్పుడూ ఒక సైజు పెద్దవి. అది బోటు నడిపే సరంగు పెట్టిన రూలు.

ప్రతి ట్రిప్పుకూ ముందు సరంగు తన మనుషులందరినీ జెట్టీ అంచున కూర్చోబెడతాడు. కాళ్లు కింద డెక్కు మీదికి వేలాడాలి. "విదిలించండి" అంటాడు. ఒక్క విదిలింపుకు రెండు బూట్లూ ఊడి డెక్కు మీద పడాలి. పడకపోతే ఆ మనిషి ఆ ట్రిప్పుకు లేనట్టే. ఒకప్పుడు సరంగు కళ్ల ముందే ఒకడు బూట్లతో సముద్రంలో పడ్డాడు. బూట్లలో నీళ్లు నిండాయి, ఊడలేదు, మనిషి పైకి రాలేదు. సరంగు ఆ సంగతి ఒక్కసారే చెప్పాడు. ఆ తర్వాత అంతా విదిలింపే.

వదులు బూట్లతో వచ్చిన చిక్కేమిటంటే, అడుగు తీసినప్పుడల్లా మడమ లేచి రాసుకుంటుంది. చిటపట మడమలు రెండూ పుండ్లయ్యాయి. పోయిన ట్రిప్పులో ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ తాడు మీద కన్ను తప్పాడు. తాడు ముడిపడి వల సగంలో ఆగిపోయింది.

"కుంటేవాడికి వించి ఇవ్వను," అన్నాడు సరంగు. "వచ్చే ట్రిప్పుకి తిన్నగా నడుచుకుంటూ రా. లేదా రాకు."

"కుంటేది కాలు కదా? చెయ్యి కాదుగా?"

"తాడుకి ఆ తేడా తెలీదు."

సరంగు తోడల్లుడు అప్పటికే వించి మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా.

జెట్టీ దగ్గర బూట్లమ్మే కొట్టు ఒక్కటే. అది చిటపట భార్య అన్నయ్యది. ఆ బావకీ చిటపటకీ మాటల్లేవు. బావ కూడా ఒకప్పుడు బోటెక్కినవాడే. వాంతులతో రెండో ట్రిప్పుకే దిగిపోయి కొట్టు పెట్టుకున్నాడు. కొట్టు తెరిచిన రోజు, నలుగురూ మిఠాయి తింటుంటే, "ఒడ్డు పీత కన్నం తవ్వుకుంది" అన్నాడు చిటపట. అందరూ నవ్వారు. బావ మిఠాయి పళ్లెం లోపలికి తీసుకుపోయాడు. ఆనాటి నుంచీ ఇద్దరూ ఏ పెళ్లికి వెళ్లినా ఒకరికొకరు వీపు పెట్టి కూర్చుంటారు.

అందుకే కొట్టుకు భార్యను వెంటబెట్టుకు వెళ్లాడు.

"అన్నయ్యా, ఈయనకి బూట్లు కావాలంట."

బావ తలెత్తలేదు. "ఏ సైజో అడుగు."

"తొమ్మిదని చెప్పు," అన్నాడు చిటపట గోడకేసి చూస్తూ.

"ఎప్పుడు కొలిచాడో అడుగు. పెళ్లప్పుడా?"

బావ లోపలి నుంచి ఉన్ని మేజోళ్లు, ఒక బకెట్టు నీళ్లు తెచ్చి నేల మీద పెట్టాడు. "వేసుకుని అందులో నిలబడమను. ఎండిన కాలు తెచ్చి కొలిపించుకుని, తడిసిన కాలితో పనిచేస్తారు. ఆనక కొట్టువాడిది తప్పంటారు."

చిటపట పళ్లు నూరుకుంటూ బకెట్టులో నిలబడ్డాడు. మడమలు భగ్గుమన్నాయి. బావ ఆ ముఖం చూశాడు. తొందరేమీ పడలేదు.

చిటపట ముందు నల్లవి తొడిగి చూశాడు. లోపల మెత్తటి అస్తరు, చీలమండ దగ్గర బిగుతు. పాదాన్ని ఎవరో అరచేతుల్లో పట్టుకున్నట్టుంది. నాలుగడుగులు వేశాడు. మడమ కదల్లేదు.

"అవి వద్దని చెప్పు," అన్నాడు బావ. "తడిస్తే కాలికి అతుక్కుంటాయి, విదిలిస్తే రావు. ఆ పసుపువి తీసుకోమను, ఒక సైజు పెద్దవి. పొట్టివి, మూతి వెడల్పు. లోపల మందపాటి ఫెల్టు గుడ్డ ముక్క, మడమ వెనక ఇంకోటి వేస్తే రాసుకోదు. ఊడమంటే ఊడతాయి."

చిటపట మనసు అప్పటికి అటూ ఇటూగానే ఉంది. 'వద్దు' అనే మాట బావ నోట్లోంచి వచ్చాక తేలిపోయింది.

"నల్లవే."

"అన్నయ్య చెప్పేది కాస్త విను..."

"మీ అన్నయ్య సముద్రాన్ని బకెట్టులో చూసినవాడు."

"బకెట్టులో చూసినా మునిగేవాడెవడో తెలుస్తుందని చెప్పు," అన్నాడు బావ.

"నేనేమన్నా తపాలా పెట్టెనా మీ ఇద్దరికీ?" భార్య చేతిలోని మేజోడు బకెట్టులోకి విసిరికొట్టింది. "ఒకడు గోడకి చెప్తాడు, ఒకడు నేలకి చెప్తాడు. మీ కాళ్లు, మీ బూట్లు, మీ చావు." విసవిసా నడిచి వెళ్లిపోయింది.

ఇంట్లో చిటపట మేజోళ్లు తడిపి, నల్లవి తొడిగి, మంచం అంచున కూర్చుని విదిలించాడు. మంచం కదిలింది కానీ బూట్లు కదల్లేదు.

"ఊడాయా?" అంది భార్య వంటింట్లోంచి.

"కొత్తవి. వదులవుతాయి."

"నీ నోరూ అలాగే అవుతుందనుకున్నా పెళ్లైన కొత్తలో."

బోటు బయల్దేరే పొద్దున అతను వించికి వేసే గ్రీజు గుప్పెడు తీసి రెండు బూట్ల లోపలా పూశాడు. జెట్టీ అంచున కూర్చుని, సరంగు మాట పూర్తికాకముందే విదిలించాడు. రెండూ చేపల్లా ఎగిరి డెక్కు అవతలి కొసన పడ్డాయి. జనం ఈలలేశారు. సరంగు ఒక బూటు తీసి, లోపల వేలు పెట్టి, వాసన చూశాడు.

"ఇది కాలి వాసన కాదే."

"ఊడాలన్నావు. ఊడాయి."

"మధ్యాహ్నానికి మేజోళ్లు ఈ గ్రీజంతా తాగేస్తాయి. నువ్వు సాయంత్రం పడితే ఏం చేస్తావు? గ్రీజు డబ్బా చేత్తో పట్టుకుని పడతావా?" బూటు అతని మీదికి విసిరాడు. "ఐసు ఎక్కించడం అయ్యేలోపు మనిషివై రా. లేకపోతే తాడు వీడికిస్తా."

తోడల్లుడు చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు.

చిటపట ఒట్టి కాళ్లతో జెట్టీ మీద పరిగెత్తాడు. ఐసు ముక్కలు, చేప పొలుసులు, పుండ్ల మీద ఉప్పునీళ్లు. కొట్టులో బావ ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద పసుపు బూట్లు, లోపల ఫెల్టు అప్పటికే కోసి అతికించి ఉంది.

"పసుపువి," అన్నాడు చిటపట.

బావ వెనక్కి తిరిగి చూశాడు. "ఎవరితో? మా చెల్లెలు రాలేదే?"

బయట ఐసు మర చప్పుడు ఆగింది. అంటే చివరి బండి నిండింది.

"నీతోనే. ఇవ్వు బావా."

"ఎవర్ని నేను? పీతనా, బావనా?"

"బావవే! ఇచ్చి చావు!"

బావ గుడ్డ తీసుకుని వంగి, అతని కాళ్లకంటిన గ్రీజు తుడిచాడు. పుండు దగ్గర అవసరానికి మించి నొక్కాడు.

"నొప్పా?"

"లేదు."

"ఉండాలే," అని ఇంకోసారి నొక్కాడు.

"ఈ ఫెల్టు ఎప్పుడు కోశావు?"

"నల్లవి తీసుకుని నువ్వు గడప దాటగానే. ఇంకెక్కడికి పోతావు?"

చిటపట బూట్లు తొడుక్కుని జెట్టీ వైపు పరిగెత్తాడు.

జెట్టీ అంచున మళ్లీ విదిలించాడు. కుడిదీ ఎడమదీ దబ్బుదబ్బున పడ్డాయి. సరంగు లోపల వేలు పెట్టి చూసి, బూట్లు అతని వైపు తన్నాడు. తోడల్లుడు వించి మీది చెయ్యి తీసి, మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు.

ఆ ట్రిప్పంతా చిటపట మామూలు కన్నా ఎక్కువ చిటపటలాడాడు. ఐసు మీద, ఇంజను మీద, వంటవాడి ఉప్పు మీద విరుచుకుపడ్డాడు. బూట్ల జోలికి మాత్రం పోలేదు. అవి ఎక్కడా కరవలేదు. పుండ్లు ఎండి చెక్కు కట్టాయి. బావను తిట్టుకోవడానికి ఒక్క బొబ్బైనా లేవకపోవడమే అతనికి అన్నిటికన్నా మండింది.

తిరిగి వచ్చాక భార్య అడిగింది. "బూట్లు ఎలా ఉన్నాయి?"

"బూట్లలా ఉన్నాయి," అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "మీ అన్నకి మాత్రం చెప్పకు."