పీతకు లేని కాళ్ళు

ప్యో దాయిన్ మా లాబ్‌కి వచ్చిన రోజున నాతో అన్న మొదటి మాట, "టీచర్ గారూ, ఇక్కడ కంప్యూటర్ బొమ్మలు గీయదు కదా?" అని. గీయదన్నాను. "అయితే ఉంటాను," అంది, ఎవరో బతిమాలితే ఒప్పుకున్నట్టు.

నేను కొరియాలోని బూసాన్‌లో, యోంగ్‌దో వంతెన దాటాక ఉన్న ఒక చిన్న పరిశోధనశాలలో ఇరవయ్యారేళ్ళు పీతల బొమ్మలు గీశాను. పేరు మల్‌సున్. ఐదోసారీ ఆడపిల్లే పుట్టేసరికి ఇక చాలనుకుని మా నాన్న పెట్టిన పేరు, 'మల్' అంటే ఆఖరిది అని. నేను చదువుకున్నది తక్కువ. మైక్రోస్కోప్‌లోంచి చూసింది చూసినట్టు గీయడం తప్ప మరో విద్య రాదు. ఈ కథ నాది కాదు, దాయిన్‌ది. కానీ ఆ పిల్ల కథ చెప్పాలంటే నన్ను తొక్కకుండా పోదు.

మా పనిలో ఒక నియమం ఉంది. వలలో చిక్కి వచ్చిన పీతకు అన్ని కాళ్ళూ ఉండవు. ఉన్న కాలిని నిండు గీతతో గీస్తాం. ఊడిపోయిన కాలు ఉండాల్సిన చోట చుక్కల గీత పెడతాం. 'ఇది నేను చూడలేదు' అని చెప్పడం అన్నమాట. నా బొమ్మలో నిండు గీత ఉందంటే మల్‌సున్ కళ్ళారా చూసినట్టే లెక్క. మా లాబ్ పెద్ద ప్రొఫెసర్ తక్ మళ్ళీ పీతను దాచిన సీసా మూత తీసి చూసేవాడు కాదు. బొమ్మ చూసి వ్యాసం రాసేసేవాడు. పీత పొట్ట పక్కన నా గుర్తు ఉండేది. మా కొరియన్ లిపిలో నా పేరులోని మొదటి అక్షరం, చిన్న చదరం.

దాయిన్ హైస్కూల్లో మూడేళ్ళు బొమ్మల ట్యూషన్‌కి వెళ్ళింది. చిత్రకళ కాలేజీలో సీటు కోసం ఒకే పచ్చిమిరపకాయనీ ఒకే నలిగిన డబ్బానీ వందలసార్లు గీసింది. సీటు రాలేదు. ఆ ఏడాదే వాళ్ళక్క పనిచేసే వెబ్‌టూన్ కంపెనీ, ఫోన్లో చదివే బొమ్మల కథలు తీసేది, రంగులేసేవాళ్ళను పంపేసి బొమ్మలు తనే గీసే మెషిన్‌ని పెట్టుకుంది. అక్క ఇప్పుడు బేకరీలో కేకుల మీద పేర్లు రాస్తోంది. అందుకే దాయిన్ బొమ్మలకు దణ్ణం పెట్టి సముద్రజీవుల చదువులో చేరింది.

"ఆ మెషిన్ దొంగ, టీచర్ గారూ," అనేది. "వీధిలో అందరి వంటలూ ఎత్తుకొచ్చి ఒకే గిన్నెలో కలిపి, నేనే వండానంటుంది."

"తిని చూశావా?"

"చూశాను. ఉప్పుంది, కారముంది. వండిన మనిషి లేదు."

నాకు ఆ పిల్ల నచ్చింది. మధ్యాహ్నాలు పంది ఎముకల పులుసు కొట్టుకి తీసుకెళ్ళేదాన్ని. రెండో నెలకి 'టీచర్ గారూ' అన్న పిలుపు పోయి 'పిన్నీ' వచ్చింది. పెన్ను పట్టుకోవడం దగ్గర్నించి చుక్కల గీతకి ఎంత ఎడం ఉండాలన్నదాకా నేర్పాను. నాకు పిల్లలు లేరు. నా చెయ్యి ఈ పిల్లకి వస్తుందనుకున్నాను. అనుకోవడానికేం, అనుకున్నాను.

రెండో ఏడు మెత్తబడింది. సముద్రపు నీటి సీసాల్లో పీతపిల్లల్ని లెక్కపెట్టే పని ఆమెది. ఒక్కో విడతకి మూడు వారాలు పట్టేది, కళ్ళు ఎర్రబడేవి. సియోల్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు మెషిన్‌తో ఒక్క పూటలో లెక్క తేల్చాడు. దాయిన్ తప్పులు పట్టుకుందామని కూర్చుంది. చివరికి దొరికినవి రెండు తప్పులు, రెండూ తనవే.

"పిన్నీ, అది నాకంటే బాగా చూస్తోంది," అంది.

"మొన్నటిదాకా దొంగన్నావు."

"అది బొమ్మల్లో. సైన్సులో దొంగతనమేముంది? లెక్క ఎవరు పెట్టినా లెక్కే."

సరే, ఈ మాట నాకూ సబబుగానే తోచింది. కానీ సందులో దూరిన పిల్లి వంటింటి దాకా రాకుండా ఉంటుందా. మూడో ఏడు నా పాత బొమ్మలన్నీ స్కాన్ చేస్తానని మొదలుపెట్టింది. మెషిన్‌కి నేర్పుతుందట.

"బొమ్మల్లో దొంగ అన్నావుగా?" అన్నాను.

"అది అడక్కుండా తీసుకుంటే. నేను నిన్ను అడుగుతున్నాగా. నీ చెయ్యి పోకుండా దాచిపెడదాం, పిన్నీ. నువ్వు రిటైరయ్యాక ఇలాంటి గీత మాకెవరు గీస్తారు?"

పొగడ్తకి పొంగని ముసలిది ఉంటే చూపించండి. ఇంట్లో అట్టపెట్టెల్లో ఉన్నవి కూడా మోసుకొచ్చి ఇచ్చాను. స్కాన్ చేస్తూ ఒక అరవై బొమ్మల్ని పక్కన పెట్టింది.

"వాటికేమొచ్చింది?"

"చుక్కల గీతలున్నవి పిన్నీ. వాటితో మెషిన్ తికమక పడుతోంది. పూర్తి బొమ్మలైతే తొందరగా నేర్చుకుంటుంది."

అప్పుడే లేచి ఆ అరవై బొమ్మలూ లాక్కుని ఉండాల్సింది. ఇరవయ్యారేళ్ళలో నేను నిజాయితీగా చేసిన పని ఏదైనా ఉంటే అది ఆ చుక్కల్లోనే ఉంది. నేను పళ్ళు వలుస్తూ కూర్చుని, "నీకు తెలియంది ఏముంది," అన్నాను. ఆ తప్పు నాది. దాన్ని ఎవరి మీదా నెట్టను.

ఆ వసంతంలో నాకు కంటిలో శుక్లం తీశారు. ఆ వారమే ఆల్చిప్పలో గోరంత పీత దొరికింది. కొత్త జాతి. ఉన్నది ఒకటే, దానికీ వెనక కాళ్ళు రెండూ లేవు. సైన్సు పత్రికకి పంపాల్సిన గడువు దగ్గరపడింది. కన్ను కుదిరాక మల్‌సున్‌తో ఇంటి దగ్గరే గీయించి తెమ్మని ప్రొఫెసర్ దాయిన్‌కి చెప్పాడు. ఈ మాట నాకు చాలా తర్వాత తెలిసింది. దాయిన్ మా ఇంటికి రాలేదు. ఫోటోలు మెషిన్‌కి ఇచ్చింది.

బొమ్మ అచ్చయ్యాకే చూశాను. నా గీత, నా నీడలు. పొట్ట పక్కన నా చదరం కూడా గీసింది మెషిన్. వెనక కాళ్ళు రెండూ నిండు గీతతో, ఒక్కోదానికి నాలుగు ముళ్ళతో నిక్షేపంగా ఉన్నాయి. నిండు గీత చూసి ప్రొఫెసర్ సీసా తీయలేదు. 'వెనక కాళ్ళకు నాలుగేసి ముళ్ళు, ఈ జాతికి ఇదే గుర్తు' అని రాసేశాడు. మెషిన్ గీసిన బొమ్మయితే ఆ సంగతి చెప్పాలని పత్రిక నియమం. అదీ చెప్పలేదు.

దాయిన్‌ని మెట్ల దగ్గర పట్టుకున్నాను. "లేని కాళ్ళకి ముళ్ళెక్కడివే?"

"నేనూ అచ్చయ్యాకే గమనించాను పిన్నీ. సార్‌కి నేనే చెప్తాను. స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూ ఒక్కటి అయిపోనీ. పదిహేను రోజులు."

"చెప్తావా?"

"ఒట్టు."

పదిహేను రోజులు ఆగాను. ఈలోగా నాగసాకి నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడివాళ్ళకి అదే జాతి పీతలు రెండు దొరికాయి, కాళ్ళతో సహా. వెనక కాళ్ళు నున్నగా ఉన్నాయి, ఒక్క ముల్లు లేదు. మీరు ముళ్ళున్న పీతని దయచేసి చూపిస్తారా అని మర్యాదగా అడిగారు. వాళ్ళ మర్యాద చెంపదెబ్బ కంటే గట్టిగా తగులుతుంది.

ప్రొఫెసర్ ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. నేను ఆ బొమ్మ గీయలేదని చెప్పాను.

"మీ గుర్తుంది కదండీ మల్‌సున్ గారూ," అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే అయోమయంలో ఉన్నాడు. "దాయిన్, ఈ బొమ్మ ఎక్కడిది?"

దాయిన్ నేలచూపులు చూస్తోంది. స్కాలర్‌షిప్ వచ్చి రెండు రోజులైంది. నేను దాని ముఖమే చూస్తున్నాను. చెప్తుందనే అనుకున్నాను, ఆఖరి క్షణం దాకా.

"టీచర్ గారు పంపిన బొమ్మే పెట్టాను సార్," అంది.

పిన్ని కాదు, టీచర్ గారు. ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ళ గురించి విన్నాను గానీ, తెప్పని నిలబెట్టి 'నన్ను ముంచబోయింది ఇదే' అని చూపించడం అప్పుడే చూశాను. ప్రొఫెసర్ ఆపరేషన్ అయిన నా కన్ను వైపు చూసి, తల దించుకుని, "ఆపరేషన్ టైములో ఇవ్వడం నాదే తప్పు," అన్నాడు. ఆయన జాలి పడ్డాడు. తిట్టినా బాగుండేది. ఆ డిసెంబరులో నా ఒప్పందం ముగిశాక నన్ను మళ్ళీ తీసుకోలేదు. పువ్వులిచ్చి పంపారు.

రెండు శీతాకాలాలు గడిచాక కొరియర్‌లో ఒక పెట్టె నారింజలూ, దాయిన్ సిద్ధాంత గ్రంథమూ వచ్చాయి. ముందుమాటలో ఇప్పుడు తన అభిప్రాయం రాసింది. సైన్సులోనైనా కళలోనైనా మెషిన్‌కి తాను చూడనిదేదో తెలియదనీ, అది తెలిసింది మనిషికేననీ, ఆ హద్దు గీసే బాధ్యత మనిషిదేననీ. చక్కగా ఉంది. ఆ మాటలు పులుసు కొట్లో ఆ పిల్లకి నేను చెప్పినవే.

లోపల మా గోరంత పీత. మెషిన్ కాదు, తనే గీసింది. గీతలో చిన్న వణుకు చూసి చేతిది అని గుర్తుపట్టాను. వెనక కాళ్ళు రెండూ చుక్కల గీతతో ఉన్నాయి. నేను నేర్పినంత ఎడంతో, ఒక్క చుక్క కూడా తప్పకుండా. నా కళ్ళు చెమర్చాయి, సిగ్గులేకుండా. తర్వాత బొమ్మ కింద వాక్యం చదివాను. 'పూర్వపు చిత్రంలో చిత్రకారిణి చేసిన పొరపాటు ఇక్కడ సరిదిద్దబడింది.'

సాయంత్రం ఫోన్ చేసింది. "పుస్తకం అందిందా, టీచర్ గారూ?"

"అందింది. చుక్కలు బాగా పెట్టావు."

"మీరు నేర్పిందే."

"బొమ్మ కింది వాక్యం ఎవరు రాశారమ్మా? మెషినా?"

"కాదు పిన్నీ," అంది.

నేను ఫోన్ పెట్టేశాను. నారింజలు కింది వాటా వాళ్ళకి ఇచ్చేశాను.